ఒక్క సంచికే అనుమతి

సువార్తకు తొమ్మిదో ఏట చక్కెర జబ్బు బయటపడింది. పిల్లలకు కూడా ఇది వస్తుందని తల్లి రత్నవ్వకు అంతవరకు తెలియదు. నిజామాబాద్ దవాఖానలో డాక్టరు ఒకటికి రెండుసార్లు చెప్పాడు: పొద్దున ఒక సూది, సాయంత్రం ఒక సూది, బతికినన్నాళ్లూ. ఇంట్లో ఫ్రిజ్ లేదు కాబట్టి మందు సీసాను తడి ఇసుక పోసిన కుండలో దాచేది. మొదట్లో సూది కోసం రోజూ నర్సమ్మ ఇంటికి నడిచేవాళ్లు. తర్వాత రత్నవ్వే నేర్చుకుంది. పసుపు కొమ్ములు ఏరి ఏరి పచ్చబడిపోయిన వేళ్లను సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కుని, బిడ్డ తొడ మీద చర్మం పట్టుకుని, ఊపిరి బిగబట్టి వేసేది. డాక్టరు చెప్పినవాటిలో ఆమె ఎన్నడూ మరవనిది ఒకటుంది. పొద్దున సూది పడ్డాక మధ్యాహ్నం పన్నెండున్నర దాటకుండా బిడ్డ తినాలి. లేకపోతే ఒంట్లో చక్కెర పడిపోతుంది. పడిపోతే ప్రాణం మీదికి వస్తుంది.

రత్నవ్వ ఆర్మూర్‌లో పసుపు బేరం చేసే రామకిష్టయ్య సేటు అడ్తి దుకాణంలో పనిచేసేది. రైతులు తెచ్చిన పసుపును ఏరడం, చెరగడం, సంచులకు ఎత్తడం. పని లేని రోజుల్లో ఆయన ఇంటి వాకిలి ఊడ్చి గిన్నెలు తోమేది. వంటింటి గడప మాత్రం దాటేది కాదు. దాటమని వాళ్లు అనలేదు, దాటాలని ఈమె అనుకోలేదు. ఆమె మొగుడు ఏసయ్య మార్కెట్ యార్డులోనే హమాలీ.

రెండు వేల ఆరు మే నెలలో, పసుపు సీజన్ ఒడిసిపోయాక, రామకిష్టయ్య భార్య విమల పిల్లల్ని హైదరాబాద్ దగ్గరి నీళ్ల ఆటల పార్కుకు తీసుకుపోతానని బయలుదేరింది. కొడుకు అరవింద్, కూతురు అంకిత ఏడాదంతా అడిగి అడిగి ఒప్పించారు. బట్టలు, చెప్పులు, తువ్వాళ్లు చూసుకోవడానికి ఒక మనిషి కావాలి.

"రత్నవ్వా, నువ్వు రా. నీ బిడ్డను గూడ తోల్కరా. అంకితకు తోడుంటది," అన్నది విమల.

ఆ మాట విన్న సువార్త ఆ రాత్రి సరిగ్గా నిద్రపోలేదు. బడిలో ఆటలు ఆడనివ్వరు, పడిపోతుందని సార్లకు భయం. పార్కులో గుండ్రంగా తిరిగే పెద్ద చక్రం ఉంటుందని, నీళ్లలో జారే గొట్టాలుంటాయని అంకిత చెప్పిందట. తల్లిని అన్నీ మళ్లీ మళ్లీ అడిగింది. రత్నవ్వకు ఏమీ తెలియదు. "పోతె తెలుస్తది తియ్," అన్నది.

సేటు మాట్లాడిన వ్యాను తెల్లారి అయిదింటికే బయలుదేరుతుంది కాబట్టి రత్నవ్వ మూడింటికి లేచి జొన్న రొట్టెలు చేసింది. పెసరపప్పు వండింది. రెండు గుడ్లు ఉడకబెట్టింది. స్టీలు డబ్బాలో అన్నీ సర్ది, బిస్కెట్ల పొట్లం, గ్లూకోజ్ పొట్లం గుడ్డ సంచిలో పక్కన పెట్టింది. దవాఖాన చిట్టీని ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి రైక లోపల దోపుకుంది. సూది వేసి, బిడ్డకు ఒక రొట్టె తినిపించింది. ఏసయ్య వాళ్లను సేటు ఇంటిదాకా దిగబెట్టి, "జర భద్రం," అని మాత్రం అన్నాడు.

పార్కు గేటు దగ్గరికి చేరేసరికి పది దాటింది. రామకిష్టయ్య టికెట్ల వరుసలో నిలబడ్డాడు. మిగిలినవాళ్లు సంచుల్ని బల్ల మీద పెట్టారు. ఖాకీ చీర కట్టిన ఆడమనిషి ఒక్కొక్కటీ విప్పి చూస్తోంది. విమల సంచిలో పైన తువ్వాళ్లు ఉన్నాయి. కింద పులిహోర, పూరీలు, ఆలుగడ్డ కూర, బూందీ లడ్డూలు నాలుగు గిన్నెల క్యారియర్‌లో ఉన్నాయి.

"బయటి తిండి లోపలికి రాదమ్మా," అన్నది ఆ మనిషి. వెనక గోడ మీది బోర్డు చూపించింది. పసిపిల్లల పాలు, రోగుల పథ్యం తప్ప ఏదీ తేకూడదని రాసి ఉంది.

"మేం బయట తినం. మీ హోటళ్ల ఏ నూనెల చేస్తరో, అండ్ల గుడ్లు మాంసం కలుస్తయో ఎవరికెరుక. మా పెండ్లయినకాంచి నేను బయట మంచినీళ్లు గూడ తాగలె," అన్నది విమల. అది అబద్ధం కాదు. రత్నవ్వ పదేళ్లుగా చూస్తూనే ఉంది.

సూపర్‌వైజర్ వచ్చాడు. మెడలో కార్డు వేలాడుతున్న పడుచువాడు. రూల్ అంటే రూల్ అన్నాడు. తిండి ఇక్కడే వదిలేయాలి, లేకపోతే వెనక్కి పోవాలి. అంకిత ఏడుపు మొహం పెట్టింది. విమల చూపు పిల్లల మీదినుంచి బోర్డు మీదికి, అక్కడినుంచి సువార్త మీదికి పోయింది.

"గీ పిల్లకు షుగరున్నది సార్. సూదుల మీద బతుకుతుంది. గిదంత ఆ పిల్ల తిండే," అన్నది. సువార్త భుజం మీద చెయ్యి వేసి ముందుకు తెచ్చింది. "రత్నవ్వా, చిట్టీ ఉన్నదిగద, చూపియ్."

రత్నవ్వ గోడ వైపు తిరిగి చిట్టీ తీసి ఇచ్చింది. సూపర్‌వైజర్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు, పిల్లను చూశాడు, గొంతు కాస్త తగ్గించాడు.

"పేషెంటుకు ఒక సంచికి అనుమతి ఉంటుంది. ఒక్కటే. రెండోది ఇక్కడ పెట్టండి."

బల్ల మీద రెండు సంచులున్నాయి. విమలది ఒకటి, రత్నవ్వది ఒకటి.

"అమ్మా, మా డబ్బ చిన్నదే. మీ సంచిల పెట్టుకుందం," అన్నది రత్నవ్వ మెల్లగా.

"అండ్ల ఏమున్నది?"

"రొట్టెలు, పప్పు. రెండు గుడ్లు."

విమల మొహం ముడుచుకుంది. "గుడ్లా? గుడ్లు తెచ్చి నా సంచిల పెడితె మేమెట్ల తింటం? అక్కడనే పెట్టు. మాది ఇంతగనం ఉన్నది, నీ బిడ్డ తినదా?"

గ్లూకోజ్ పొట్లమైనా తీసుకోవాలని రత్నవ్వ చెయ్యి చాపింది. అప్పటికే ఖాకీ చీర మనిషి సంచిని వెనక కుప్పలోకి జరిపేసింది. వెనక వరుస పెరిగిపోతోంది, నడవండి నడవండి అంటున్నారు. ఒక్క మాట గట్టిగా అంటే ఇచ్చేవాళ్లేమో. రత్నవ్వ అనలేదు. సేటు కుటుంబం ముందు గొంతు పెంచడం ఆమెకు అలవాటు లేదు. ఆ అనని మాట ఆమెను చాలా కాలం తిన్నది.

లోపల పెద్ద మడుగు ఉంది. గంటకోసారి యంత్రంతో అలలు లేపుతారు. విమల తన సంచిని, నగలను, సెల్‌ఫోన్‌ను లాకర్‌లో పెట్టి తాళంచెవి చేతికి కట్టుకుంది. అంకిత సువార్తను పిలిచింది. కాని నీళ్లలోకి దిగాలంటే ప్రత్యేకం బట్టలు కావాలట, లంగా జాకెట్టుతో దిగనివ్వరట. ఆ బట్టలు సువార్తకు లేవు. తల్లీ బిడ్డా గట్టు మీద చెప్పుల కుప్ప పక్కన కూర్చున్నారు.

"చక్రం ఎప్పుడెక్కుదమమ్మా?"

"అమ్మగారోళ్లు రానియ్."

పన్నెండయింది. రత్నవ్వ లేచి మడుగు అంచుకు పోయింది. నీలం చొక్కా మనిషి అడ్డం నిలబడ్డాడు, చీరతో లోపలికి రావద్దన్నాడు. అక్కడినుంచే పిలిచింది. మైకులో పాటలు, పిల్లల అరుపులు. మూడోసారి పిలిస్తే విమల ఇటు తిరిగింది. చేతి వేళ్లు పదీ చూపించింది. పది నిమిషాలని.

పన్నెండున్నర అయింది. ఒంటిగంట అయింది. వాళ్లు మడుగులో లేరు. జారుడు గొట్టాల దగ్గరి వరుసలో ఉన్నారో, వేరే ఎటు పోయారో కనపడలేదు. చెప్పులు వదిలి పోతే తిడతారని రత్నవ్వ ఇంకాసేపు కూర్చుంది.

"అమ్మా, నాకు సలి పెడుతుంది," అన్నది సువార్త. మండుటెండ. పిల్ల నుదురు తడిసిపోయింది, చేతులు వణుకుతున్నాయి. రత్నవ్వ చెప్పులను, తువ్వాళ్లను అక్కడే వదిలేసి బిడ్డను భుజాన వేసుకుంది. దగ్గరి దుకాణంలో పళ్లరసం అడిగింది. కూపన్ తెమ్మన్నారు. కూపన్లు ఎక్కడిస్తారంటే గేటు దగ్గర అన్నారు. బిడ్డను చూడండి సార్ అన్నది. అతను చూశాడు. "నా చేతుల లేదమ్మా," అన్నాడు.

గేటు దాకా పరుగెత్తింది. పదకొండేళ్ల పిల్ల బరువు అప్పటికి ఆమెకు తెలియలేదు. సువార్త ఏదో గొణుగుతోంది. మాటలు ఒకదానికొకటి అతకడం లేదు.

"నా సంచి ఇయ్యక్కా. దాంట్ల గ్లూకోజున్నది."

ఖాకీ చీర మనిషి వెనక్కి తిరిగి చూసి, ఆగిపోయింది. "వదిలేసిన తిండి సంచులన్ని పన్నెండింటికి చెత్త బండిల ఏస్తరు. పోయిందమ్మా."

రత్నవ్వ అక్కడే కూలబడింది. ఆ మనిషి పిల్ల మొహం చూసింది. కుర్చీ కింద గోనెపట్టా జరిపి, దాని వెనకనుంచి ఒక టిఫిన్ డబ్బా తీసింది. టీ కోసం పొట్లం కట్టుకున్న చక్కెర తీసి, తడి వేలితో సువార్త దవడ లోపల రుద్దింది. మళ్లీ రుద్దింది. కొంచెం మింగాక అరటిపండు చిదిమి పెట్టింది. తర్వాత తన పచ్చిపులుసు అన్నం ముద్దలు చేసి రత్నవ్వ చేతికిచ్చింది.

"మమ్మల్ని గూడ ఇంటికాంచి తెచ్చుకోనియ్యరు. లోపటి క్యాంటీన్లనే కొనుక్కోమంటరు. నేను దాసుకుంట," అన్నది.

పావుగంటకు సువార్త చూపు తేటపడింది. "ఆకలైతుందమ్మా," అన్నది మామూలు గొంతుతో. రత్నవ్వ ఏడవలేదు. ఆ మనిషి చేతులు పట్టుకుంది. పేరు అడుగుదామని నోరు తెరిచేలోపే సూపర్‌వైజర్ వచ్చాడు. డబ్బా చూశాడు, నేల మీద అన్నం మెతుకులు చూశాడు. డ్యూటీలో ఇదేమిటని ఆమెను పక్కకు పిలిచాడు. పిల్లకు బాగలేక అని ఆమె అంటూనే ఉంది. అతను ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు. రత్నవ్వ పోయి, "మా కోసమే సార్, ఆమె తప్పు లేదు," అన్నది. అతను సువార్త వైపు చూసి, "పేషెంటుకు సంచి ఇచ్చి పంపినం గద. మళ్లీ ఈమె డబ్బా ఎందుకు?" అన్నాడు. ఆ ప్రశ్నకు రత్నవ్వ దగ్గర జవాబుంది. అది చెబితే సేటు కుటుంబాన్ని బయటికి పంపుతారు. ఆమె మళ్లీ నోరు మూసుకుంది.

రెండున్నరకు విమలవాళ్లు తడి జుట్టుతో వచ్చి చెట్టు కింద దుప్పటి పరిచారు. క్యారియర్ విప్పారు. "ఎటు పోయినవ్ రత్నవ్వా? చెప్పులన్ని గట్లనే పారేసిపోయినవ్," అన్నది విమల. బిడ్డకు కళ్లు తిరిగాయని చెబితే, అయ్యో అన్నది. నిజంగానే అన్నది. కాగితం పళ్లెంలో పులిహోర పెట్టించి దూరంగా కూర్చోబెట్టింది. లడ్డూ పిల్లకు పనికిరాదని తీసేసింది. అప్పుడే అటు పోతున్న సూపర్‌వైజర్ పాప తిన్నదా అని అడిగితే, విమల సువార్త తల నిమిరి, "తింటుంది సార్," అని నవ్వింది.

అతను పోయాక రామకిష్టయ్యతో అన్నది: "ఏమంటే అన్నరు గాని, గీ పిల్ల షుగర్ మనకు మంచిగనే పనికొచ్చింది."

రామకిష్టయ్య పూరీ నములుతూ నవ్వాడు. సువార్త తినడం ఆపి పళ్లెంలోకి చూస్తూ కూర్చుంది. చక్రం మూసే వేళయిందని సాయంత్రం మైకులో చెప్పారు.

పది రోజులకు విమల తమ్ముడి కుటుంబం హైదరాబాద్ దగ్గరి అదే పార్కుకు పోదామని ఫోన్ చేసింది. విమల వాకిట్లో గిన్నెలు తోముతున్న రత్నవ్వ దగ్గరికి వచ్చింది.

"రత్నవ్వా, నీ బిడ్డ చిట్టీ ఒక రెండు దినాలకు ఇయ్యి. మా తమ్ముని బిడ్డ గూడ గంతే ఉంటది. వాళ్లేం మొఖం చూసి రాసుకుంటరా."

"ఇయ్యనమ్మా," అన్నది రత్నవ్వ.

రత్నవ్వ సరిగా వినలేదని విమల అనుకుంది. మళ్లీ అడిగింది. రత్నవ్వ చేతి బూడిద కడుక్కుని లేచి నిలబడింది.

"ఆ దినం నా బిడ్డ సచ్చిపోతుండె. మీ సంచి లోపటికి పోయింది, నా సంచి బండిల పోయింది. ఆ చిట్టీ మీద నా బిడ్డ పేరున్నదమ్మా. ఎవ్వరికియ్య."

"నేను సంపిన్నా నీ బిడ్డను? తోల్కపోయినందుకు మంచి మాటనే అంటున్నవ్," అన్నది విమల. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. తాను ఏమి చేసిందో ఆమెకు నిజంగా తెలియదని రత్నవ్వకు అర్థమైంది. అది ఇంకా కష్టంగా అనిపించింది.

ఆ రాత్రి ఏసయ్య జరిగింది విని, "ఒక్క కాగితమేనాయె. ఇస్తె ఏం పోతుండె," అన్నాడు.

"నువ్వు ఆడ లేవు," అన్నది రత్నవ్వ.

మరునాటి నుంచి రామకిష్టయ్య దుకాణంలో ఆమెకు పని లేదన్నారు. పక్క అడ్తి దుకాణాలవాళ్లూ సీజన్ వస్తే చూద్దామన్నారు. వానలు పడ్డాక పక్కనున్న ముప్కాల్ ఊరికి వరి నాట్లకు ఆటోలో పోవడం మొదలుపెట్టింది. పొద్దంతా బురదలో వంగి ఉంటే నడుము పట్టేసేది. పన్నెండింటికి బడిలో బిడ్డ తిన్నదో లేదో అని గట్టు మీది ఎండ వంక చూసుకునేది.

ఒకనాడు సాయంత్రం ఇంటికి వచ్చేసరికి వాకిట్లో వాడకట్టు పిల్లలు నలుగురు కూర్చున్నారు. మధ్యలో సువార్త. పార్కు సంగతి చెబుతోంది. నీళ్ల గొట్టంలో జారితే కడుపులో ఎట్లా ఉంటుందో, పెద్ద అల వచ్చి మీద పడితే ఎట్లా ఉక్కిరిబిక్కిరి అవుతుందో, చక్రం పైకి పోయినప్పుడు హైదరాబాద్ అంతా ఎంత చిన్నగా కనబడిందో. అన్నీ అంకిత చెప్పిన మాటలే.

"ఆడ ఏం తిన్నవ్?" అని ఒక పిల్ల అడిగింది.

"మస్తు తిన్న. పులిహోర, పూరీలు, లడ్డూలు," అన్నది సువార్త. "అందరం ఒక్కదగ్గర కూసోని తిన్నం."

రత్నవ్వ బురద కాళ్లతో గడప దగ్గర నిలబడి అంతా విన్నది. లోపలికి పోయి పొయ్యి అంటించింది.