ఎడమ గూడుకి కాటుక

మా షెడ్డులో కాటుక అంటే కళ్లకి పెట్టుకునేది కాదు. తుప్పు తినేసిన ఇనుము మీద లప్పం మెత్తి, దాని మీద తారులాంటి నల్లరంగు పూసి, ఏమీ కానట్టు బండిని పంపించెయ్యడం. ఆ పేరు పెట్టింది మా బావ. షెడ్డు ఆయనది. పూసే చెయ్యి నాది. పదకొండేళ్లుగా పూస్తున్నాను. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, చివరిదాకా చదివి నన్నెవరూ మంచివాణ్ణనుకోకుండా.

అక్క ముందు గదిలో బల్ల దగ్గర కూర్చుంటుంది. ఫోన్లెత్తడం, కార్డులు రాయడం, తాళాలివ్వడం ఆమె పని. ఆ బల్ల దగ్గరికొచ్చిన మొదటి నెలలోనే, బావ నాతో "దానికి కాస్త కాటుక పెట్టెయ్" అనడం విని, కాటుకేంటండీ అని అడిగింది. బావ మొహంలో ఒక్క నరం కూడా కదల్లేదు.

"తుప్పుని తినేసే మందు. దొరకడం కష్టం. మనం ఊరికే వేస్తున్నాం. బిల్లులో రాయకు, చేసిన మేలు చెప్పుకోకూడదు."

అక్క నావైపు చూసింది. నేను తలూపాను. ఆమె అటు తిరగ్గానే ఇద్దరం బళ్లెత్తే లిఫ్టు చాటుకెళ్లి కడుపులు పట్టుకుని నవ్వుకున్నాం.

అక్క బిల్లులో ఎప్పుడూ రాయలేదు. కానీ ఆఫీసులో ఉండిపోయే పసుపు కార్డు మీద మాత్రం ప్రతిసారీ రాసింది. "కుడి గుమ్మం కింద, కాటుక." "వెనక చక్రం లోపల, కాటుక." మొగుడు చేసిన మంచిపని ఎక్కడో ఒకచోట రాసుంటే బాగుంటుందని ఆమె అనుకుంది. మేం అది కూడా చూసి నవ్వుకున్నాం.

పళ్ల డాక్టరు ఎర్రబండి తెచ్చింది మంగళవారం. రెండు తలుపుల స్పోర్ట్స్ కారు, ఆయన కూతురికంటే వయసులో పెద్దది. పైన అద్దంలా మెరుస్తోంది. పక్క సీట్లో, కుదుపుల్ని తినే కొత్త షాకుల డబ్బా, పసిపిల్లని కూర్చోబెట్టినట్టు బెల్టు పెట్టి మరీ తెచ్చాడు. స్ప్రింగూ షాకూ కలిసి వచ్చే సెట్టు అది, బంగారు రంగు. మర తిప్పితే ఎత్తు పెరుగుతుంది, తగ్గుతుంది.

"బండి రెండు వేళ్లు కిందకి దిగాలి. మలుపులో ఒరగకూడదు," అన్నాడు. "ఆదివారం పాత బళ్లవాళ్లందరం కలుస్తున్నాం. సోమవారం నుంచి మా అమ్మాయి నడుపుతుంది. కాలేజీ కొండ మీదుంది కదా, రోజూ ఆ రోడ్డే."

"కొండ రోడ్డుకి మీరు తెచ్చిన సెట్టుని మించింది లేదు సార్," అన్నాడు బావ. డబ్బాలో ఏముందో ఆయనింకా చూడలేదు.

బుధవారం చక్రాలు విప్పాను. నా పనిని నేను తక్కువ చేసుకోను. పాత స్ప్రింగుని నొక్కిపట్టే పనిముట్టు రెండువైపులా సమానంగా తిప్పకపోతే స్ప్రింగు ఎగిరి దవడ పగలగొడుతుంది. నాకింతవరకు దవడ పగల్లేదు. చక్రాన్ని బండికి కలిపే ఇనప చేతుల్లో ఉండే రబ్బరు బుష్షుల బోల్టులు బండి గాల్లో వేలాడుతున్నప్పుడు బిగిస్తే రబ్బరు మెలిపడిపోయి ఆర్నెల్లలో చీలిపోతుంది. బండి నేలమీద తన బరువు మీద నిలబడ్డాకే బిగించాలి. ఈ ఊళ్లో సగం షెడ్లలో గాల్లోనే బిగించేస్తారు. వాళ్లని నేను టీ కొట్టు దగ్గర పేరుపెట్టి తిడతాను. తిట్టడంలో నాకు పేరుంది. మా వీధికి రోడ్డేసినవాడు మట్టి మీదే తారు పూసి పోతే, నలభైమందిని వెంటేసుకుని రోడ్ల ఆఫీసు ముందు పగలంతా అరిచాను. అప్పట్నుంచి బావ నన్ను "మైకు" అంటాడు.

ఎడమవైపు షాకు పైకొస వెళ్లి బండి ఒంట్లో ఒక గూడులాంటి చోట కూర్చుంటుంది. మూడు నట్లు దాన్ని పట్టుకుంటాయి. చక్రానికి తగిలే దెబ్బంతా చివరికి ఆ మూడు నట్ల చుట్టూ ఉన్న రేకే మొయ్యాలి. మూడో నట్టు విప్పుతుంటే వాషరు రేకులోకి దిగబడింది, బురదలో కాలు దిగినట్టు. కిందనుంచి తలెత్తి చూశాను. తడి తుప్పు పెచ్చులుగా ఊడి నోట్లో పడింది. ఉమ్మేశాను. స్క్రూడ్రైవర్ పెట్టి పొడిచాను. పిడిదాకా దిగిపోయింది. బయటికి లాగితే దాంతో ఎన్నేళ్ల నాటిదో కుళ్లు మట్టి, నల్లటి నీళ్లు, చచ్చిన ఎలక వాసన.

బావని పిలిచాను. ఆయన దీపం పెట్టి చూశాడు. ముక్కు మూసుకున్నాడు.

"కాటుక పెట్టెయ్," అన్నాడు.

"ఇది గుమ్మం కింద చిల్లు కాదు బావా. షాకు కూర్చునే చోటు."

"పాత షాకు ఇన్నాళ్లూ కూర్చోలేదా?"

"అది మెత్తటి స్ప్రింగు. సగం దెబ్బ అదే తినేసేది. ఇది రాయిలాంటిది, వచ్చిన దెబ్బ వచ్చినట్టే పైకి పంపిస్తుంది. ఒక్క గుంట చాలు, షాకు బానెట్‌లోకి పొడుచుకొస్తుంది. చక్రం లోపలికి మడతపడుతుంది. ఆ పిల్ల కొండ రోడ్డు మీదుంటుంది."

"మైకు ఆన్ అయింది," అన్నాడు బావ లేస్తూ. "మడ్‌గార్డు విప్పాలి, రేకు కోసి వెల్డింగ్ పెట్టాలి, మళ్లీ రంగు కలపాలి. మూడు వారాలు. ఆయనకి శనివారానికి కావాలి. కాదంటే ఎదురు షెడ్డుకి తీసుకెళ్తాడు, వాడు గాల్లోనే బోల్టులు బిగించి పంపిస్తాడు. నువ్వైతే కనీసం బోల్టులైనా సరిగ్గా బిగిస్తావు కదా."

చూడండి ఎంత నీతిగా ఉందో ఆ మాట. కుళ్లిన గూడుకి సరిగ్గా బిగించిన బోల్టు.

"డాక్టరుకి చెబుదాం," అన్నాను.

"చెప్పు. ఎప్పుడు పట్టింది తుప్పు అని అడుగుతాడు. పోయినేడు బ్రేకులకి మన దగ్గరికే వచ్చింది. అప్పుడు చక్రం లోపల నువ్వేం పూశావో కూడా చెప్పు."

నాకు గుర్తుంది. ఆ రోజు అక్కడ తుప్పు రూపాయి బిళ్లంత ఉంది. దాని మీద నేనే పూశాను. లోపల నీళ్లు నిలబడ్డాయి, బిళ్ల అరచెయ్యైంది. ఈ కుళ్లుకి నీళ్లు పోసి పెంచింది నేనే.

వీధిలో అరిచినవాణ్ణి, అక్కడ లప్పం డబ్బా అందుకున్నాను. రేకు టేపు అతికించాను. లప్పం కలిపాను. బొటనవేలితో మెత్తాను, గోళ్ల కింద ఇరుక్కుంది. ఆరాక నల్లరంగు రెండు పూతలు వేశాను. చాలా బాగా వచ్చింది. ఆ బాగా రావడం చూస్తే నాకే అసహ్యమేసింది. శుక్రవారం బండిని నేలకి దించి, బరువు మీద బుష్షు బోల్టులు బిగించాను, ఒక్కొక్కటీ కొలతపెట్టి. అన్నం ముందు కూర్చుంటే చేతులు తారు వాసన. మూడుసార్లు కడిగాను.

శనివారం పొద్దున డాక్టరూ కూతురూ వచ్చారు. బండి ఆఫీసు గది ముందే పెట్టి ఉంది, రెండు వేళ్లు కిందకి దిగి, పిల్లి పొంచి కూర్చున్నట్టు. డాక్టరు బానెట్ ఎత్తి కూతురికి చూపించాడు. నల్లటి గూటి మధ్యలో షాకు పైకొసకున్న బంగారు రంగు టోపీ మెరుస్తోంది.

"చూశావా, నగలా ఉంది," అన్నాడు.

ఆ పిల్లకి పంతొమ్మిదేళ్లుంటాయి. చేతులు వెనక్కి కట్టుకుని వంగి చూసింది. "ఈ పక్కది కొత్తగా నల్లగా ఉంది, ఆ పక్కది పాతగా ఉందేంటి?"

ఈ ప్రశ్న పదకొండేళ్లలో ఎవడూ అడగలేదు. బావ నోరు తెరిచేలోపే అక్క తాళం పట్టుకుని గదిలోంచి బయటికొచ్చింది. ఆ పిల్ల ఆమెకి నచ్చినట్టుంది. మొగుణ్ణి ఒక్కసారైనా పైకి మెచ్చుకోవాలని ఎన్నాళ్లనుంచి ఉందో ఏమో.

"అది కాటుకమ్మా. తుప్పు కనిపిస్తే పెడతారు, తినేస్తుంది. మీకు ఊరికే పెట్టారు. ఈయన చెప్పుకోనివ్వరు గానీ, ఎవరికైనా అంతే. పోయినేడు కూడా మీ బండికి పెట్టారు, నా దగ్గర రాసుంది." లోపలికెళ్లి రెండు పసుపు కార్డులు తెచ్చి ఆ పిల్ల చేతిలో పెట్టింది.

ఆ పిల్ల చదివింది. "ఎడమ గూడుకి కాటుక." తలెత్తింది. "తుప్పుని తినేసే మందు ఉంటుందా నాన్నా?"

డాక్టరు బావవైపు చూశాడు. బావ తుడిచిన చేతుల్నే గుడ్డతో మళ్లీ తుడుచుకుంటున్నాడు.

"మీరేనా పెట్టింది?" ఆ పిల్ల నన్నడిగింది.

మీరు అంది. ఆ మర్యాద నాకు చెంపదెబ్బలా తగిలింది.

"నేనే," అన్నాను. "కాటుకా లేదు, మందూ లేదు. పక్కకి జరగమ్మా."

జేబులో స్క్రూడ్రైవర్ తీశాను. "ఒరేయ్," అన్నాడు బావ. మూడో నట్టు పక్కన ఆనించి అరచేత్తో ఒక్క పోటు పొడిచాను. నేను ముచ్చటగా మెత్తిన లప్పం బిస్కెట్టులా పగిలింది. పిడిదాకా దిగిపోయింది. లాగాను. అదే వాసన, ఈసారి తారు కలిసింది.

డాక్టరు ముందు చూసింది బంగారు టోపీ మీద గీత పడిందా అని. జేబురుమాలుతో తుడిచాడు. తర్వాత నామీద పడ్డాడు. "నువ్వెందుకు పొడిచావయ్యా? నిలబడి ఉన్నదాన్ని పొడిచి పాడుచేశావు."

"రేపు రోడ్డు మీద అదే ఊడుతుంది సార్."

"రేపు ఒక్కరోజు బండి అక్కడ నిలబడాలి, అంతే. తర్వాత తీరిగ్గా వెల్డింగ్ చేయిద్దాం. నెలో రెండు నెలలో. ఈలోపు అమ్మాయి మెల్లగా నడుపుతుంది." బావతో అన్నాడు, "ఆ చిల్లు మళ్లీ మూసేయించండి."

రోజంతా పుచ్చుపళ్లు తవ్వే మనిషి. మోసపోయానని మండిపడతాడనుకున్నాను. మోసం ఆదివారం దాకా ఆగితే చాలన్నాడు. బావ మొహంలో ప్రాణం తిరిగొచ్చింది.

ఆ పిల్ల కార్డులు అక్క చేతికి తిరిగిచ్చింది. "నువ్వే నడుపు నాన్నా. నేను వెనక బస్సులో వస్తాను. మెల్లగా రా, నేనేం తొందరపెట్టను."

డాక్టరు డోరు మీద చెయ్యి వేశాడు. ఆ గూటివైపు చూశాడు. చెయ్యి తీసేశాడు. చివరికి బస్సెక్కింది ఇద్దరూను.

అక్క బానెట్ పక్కనే నిలబడి ఉంది. చిల్లులో చూపుడువేలు పెట్టి చూసింది. బయటికి తీసి వాసన చూసింది.

"ఇదేనా కాటుక," అంది.

"మాటవరసకి అన్నానే," అన్నాడు బావ. "షెడ్డన్నాక సవాలక్ష అంటాం. నువ్వు నమ్మేస్తే నేనేం చెయ్యను?"

ఆమె ఆయనవైపు చూడలేదు. "నీకు తెలుసురా?"

"తెలుసక్కా."

"నేను రాస్తుంటే నవ్వుకునేవాళ్లా?"

అబద్ధం చెప్పాలనిపించింది. పదకొండేళ్లుగా అలవాటైన పని. "నవ్వుకునేవాళ్లం."

ఆమె చెయ్యి కడుక్కోలేదు. లోపలికెళ్లి బీరువా తెరిచింది. పసుపు కార్డుల కట్టలు ఒక్కొక్కటే బల్లమీద పడేసింది. తాడు విప్పి తిరగెయ్యడం మొదలెట్టింది. కాటుక అని రాసున్నవి కుడిపక్కకి, లేనివి ఎడమపక్కకి. కుడిపక్క దొంతర చూస్తూ చూస్తూండగానే లావెక్కింది. చక్కటి గుండ్రటి అక్షరాలు. ఏ బండి, ఏ వైపు, ఎవరి బండి, ఫోన్ నంబరు. మేం నవ్వుకుంటుంటే ఆమె రాసిపెట్టిన మా నేరాల చిట్టా.

"పిచ్చిపట్టిందా?" అన్నాడు బావ గుమ్మంలోంచి. "షెడ్డు మూతపడుతుంది."

"పడనివ్వండి. గూళ్లూ చక్రాలూ ముందు. గుమ్మాల కిందవి తర్వాత." అది నాతో అంది. "ఇలా రా, ఏది ముందో నాకు తెలీదు. ఏరు."

ఏరాను. పైన పెట్టిన కార్డు ఒక తెల్ల వ్యాను, పిల్లల్ని బడికి దింపేది. వెనక ఇరుసు పట్టుకునే చోట, కుడివైపు, రెండేళ్లనాడు. రంగు ఆరకముందే తీసుకెళ్లిపోయారు, అది కూడా నాకు గుర్తుంది. అక్క నంబరు నొక్కింది. అవతల ఎవరో ఎత్తారు, వెనక పిల్లల గోల వినిపిస్తోంది.

"అయ్యా, షెడ్డు నుంచి మాట్లాడుతున్నాం. మీ బండికి మావాళ్లు కాటుక పెట్టారు. కాటుకంటే..."

ఆగిపోయింది. ఫోను నావైపు చాచింది. ఆమె వేలి ముద్ర దాని మీద నల్లగా అంటుకుని ఉంది.

"అరవడం వచ్చు కదా నీకు," అంది. "చెప్పు."

ఫోను తీసుకున్నాను.

"నేను మీ బండి బాగుచేసిన మెకానిక్‌ని," అన్నాను. "బండి నడుస్తోందా ఇప్పుడు? పక్కకి ఆపండి. పిల్లల్ని దించేయండి. తర్వాత చెబుతాను నేనేం చేశానో."