ముందు మంచినీళ్లు

మేనకోడలు డిగ్రీలో ప్రజా వ్యవహారాల కోర్సు తీసుకుందని తెలిసిన రోజున మామయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. "సొంత వ్యవహారాలే తెమలక చస్తుంటే ప్రజలవి కూడా నెత్తినేసుకున్నావా తల్లీ?" అన్నాడు. అన్నాడే గానీ, షాపుకొచ్చిన ప్రతివాడికీ ఆ సంగతి చెప్పకుండా ఫ్యాను చేతికిచ్చింది లేదు. ఆమెకు "మంత్రిగారు" అని పేరు కూడా పెట్టేశాడు.

షాపంటే ఇంటి ముందుగదే. కాలిపోయిన ఫ్యాన్లకూ మోటార్లకూ వైండింగు చేస్తాడాయన. గోడ నిండా రాగితీగ చుట్టలు, గది నిండా వార్నిష్ వాసన. తల్లి పోయాక ఆమె ఆ వాసనలోనే, అమ్మమ్మ ఒళ్లోనే పెరిగింది. బాగుచేసిన ఫ్యాను మళ్లీ కాలిపోయిందని ఎవడైనా వీధి మొదటినుంచే అరుచుకుంటూ వస్తే, మామయ్య నోరు తెరిచేలోపే అమ్మమ్మ గ్లాసు పట్టుకుని ఎదురెళ్లేది. "ముందు కూర్చో నాయనా. మంచినీళ్లు తాగు. తిట్టడం తర్వాత తిట్టొచ్చు." నోట్లో నీళ్లున్నవాడు ఎలా అరుస్తాడు? గ్లాసు కింద పెట్టేసరికి సగం కోపం దిగిపోయేది. అలాంటి విద్యకు డిగ్రీలిచ్చే కాలేజీ ఎక్కడుంది చెప్పండి!

రెండో ఏడాదిలో వాళ్ల సార్ తరగతిలో ఉత్తుత్తి సభ పెట్టించాడు. ఆ కోర్సులో అదొక ఆనవాయితీ. రోడ్డు వెడల్పు చేయాలి, కొన్ని ఇళ్లు పోతాయి. సగంమంది జనం వేషం వేసి అభ్యంతరాలు చెప్పాలి, అధికారి వేషం వేసినవాళ్లు ఒప్పించాలి. గోడకు ఒక వీధి పటం తగిలించాడు. పేర్లన్నీ చెరిపేసి ఉన్నాయి. మధ్యలో మోచేయిలా వంగిన వీధి. అధికారి వేషం ఆమెకు వచ్చింది.

జనం వేషగాళ్లు చప్పగా మాట్లాడుతుంటే ఆమెకు ఒళ్లు మండింది. "అలా కాదర్రా, జనం అలా మాట్లాడరు" అని తనే నేర్పింది. మోకాళ్ల నొప్పుల ముసలమ్మ ఏమంటుందో, ఒకే మూలను నమ్ముకుని బతికిన షాపువాడు ఏమంటాడో ఆమెకు కొట్టిన పిండి. ఎవరి మాటలు అరువు తెస్తున్నానన్న ఆలోచనే రాలేదు. తర్వాత అధికారి కుర్చీలో కూర్చుని, తను నేర్పిన ప్రతి మాటకూ తనే జవాబు చెప్పి అందరి నోళ్లూ మూయించింది. ముసలమ్మ వేషంలో ఉన్న స్నేహితురాలు గొంతు పెంచగానే లేచివచ్చి గ్లాసు అందించింది. "ముందు కూర్చోండమ్మా. మంచినీళ్లు తాగండి. తిట్టడం తర్వాత తిట్టొచ్చు." తరగతంతా చప్పట్లు. వెనక బెంచీలో కూర్చుని సార్ అదంతా ఫోన్లో రికార్డు చేసుకున్నాడు.

"ఇది నేను వాడుకోవచ్చా? చాలామందికి పనికొస్తుంది" అన్నాడు. పాఠాలకేమో అనుకుని సరేనంది. ఆ వారమంతా ఆమె కాళ్లు నేలమీద ఆనలేదు.

వేసవి సెలవులు ఇంకా రానేలేదు. ఒక ఉదయం కాలేజీకి బయల్దేరబోతుంటే గుమ్మం పక్కన గోడమీద పసుపురంగు గీత కనిపించింది. ఎదురింటి గోడకూ ఉంది. పక్కింటికీ ఉంది. టేపు పట్టుకుని కొలుస్తున్నవాళ్లు తలెత్తి ఎవరి మొహమూ చూడటం లేదు. ఆమె గీతల వెంబడి నడిచి, వీధి వంపు తిరిగేచోట ఆగిపోయింది. ఊహ తెలిసినప్పటినుంచీ ఆ వంపు తిరుగుతూనే ఉంది, పైనుంచి చూస్తే అది మోచేయిలా ఉంటుందని మాత్రం ఏనాడూ అనుకోలేదు.

పరుగున వెళ్లి సార్‌ను అడిగింది. "నిజం వీధి అని తెలిస్తే మీకు నోరు పెగలదమ్మా, అందుకే పేర్లు తీసేశాను" అన్నాడు, పాఠం చెబుతున్నంత మామూలుగా. ఆ రోడ్డు పనికి సలహాదారు ఆయనేనట. "మీ ఇల్లు కూడా ఉందా? అయ్యో. నిజం సభ పెడుతున్నారుగా, వచ్చి చెప్పుకోండి."

ఇంట్లో ఈ సంగతి చెప్పడానికి ఆమెకు ధైర్యం చాలలేదు. మామయ్య మాత్రం మహా ధీమాగా ఉన్నాడు. "ఇల్లూ షాపూ పోతాయని ఏడుపెందుకు? మన మంత్రిగారు లేదూ! ఆ చదువు చదివింది ఇందుకేగా" అని వీధంతా చాటాడు. పక్కింటావిడ ఆమె ఎదురొస్తే దారి వదిలి నిలబడటం మొదలుపెట్టింది. ఆ గౌరవం ఆమెకు ముళ్లలా గుచ్చుకుంది.

సభలో అధికారి చిన్నవాడే, నవ్వుమొహం. మామయ్య లేచి, "ఆ మూల మీదే నా పేరు నిలబడిందండీ. చోటు మారితే ఎవడొస్తాడు?" అన్నాడు.

"గోడను చూసి వచ్చారా అండీ ఇన్నాళ్లూ? మీ చేతిని చూసి వచ్చారు. ఎక్కడున్నా వస్తారు" అన్నాడు అధికారి.

అది తరగతిలో ఆమె చెప్పిన మాటే, అక్షరం పొల్లుపోలేదు. మామయ్య ఉబ్బిపోయి కూర్చున్నాడు, కూర్చున్నాక గానీ ఓడిపోయానని తెలియలేదు. ఒక్కొక్కరే లేచారు, ఒక్కొక్కరే కూర్చున్నారు. జవాబు రాకముందే ఆమె పెదవులు కదులుతున్నాయి.

"నువ్వు లేవవే!" అని మామయ్య గుసగుసగా తొందరపెట్టాడు. ఏం మాట్లాడాలి? తను జవాబు చెప్పని అభ్యంతరం ఒక్కటైనా ఉందేమోనని వెతుక్కుంది. లేదు. అన్ని తలుపులకూ తనే గడియ పెట్టింది.

అంతలో అమ్మమ్మ లేచింది. బతుకులో ఎవరిమీదా గొంతెత్తని మనిషి, "నా కూతురు పోయిన ఇల్లురా అది!" అని హాలు దద్దరిల్లేలా అరిచింది.

అధికారి వేదిక దిగి వచ్చాడు. చేతిలో గ్లాసు. "ముందు కూర్చోండమ్మా. మంచినీళ్లు తాగండి. తిట్టడం తర్వాత తిట్టొచ్చు."

హాల్లో ఎవరో నవ్వారు. అమ్మమ్మ అలవాటుగా గ్లాసందుకుని కూర్చుంది. నోటిదాకా తీసుకెళ్లి ఆగిపోయింది. నీళ్లవంక చూసింది, వెళ్లిపోతున్న అధికారివంక చూసింది.

"ఇతను మనింటికి ఎప్పుడైనా వచ్చాడా?" అని మనవరాలిని మెల్లగా అడిగింది.

"లేదు అమ్మమ్మా."

"మరి?"

అమ్మమ్మ మనవరాలి మొహంలోకి చూసింది. తర్వాత గ్లాసు నేలమీద పెట్టి, కుర్చీ కొంచెం పక్కకు జరుపుకుంది.

"లేవండి మంత్రిగారూ, లేవండి" అంటూనే ఉన్నాడు మామయ్య.