సముద్రం వదిలే వేడికి పేరు నేనే

నేను ఒక పేరును. నాణెమో, సైకిలో, కుట్టుమిషనో తన కథ చెప్పుకుంటే ముచ్చటగా వింటారు కదా, పేరుకు కూడా కథేమిటని మొహం చిట్లించకండి. నేను తుప్పు పట్టను, అరిగిపోను, ఎవరి జేబులోంచీ జారిపోను. నన్ను పాత సామాన్లవాడికి తూకానికి వేయడం ఎవరి తరమూ కాదు. బాగా బతుకుతున్నదాన్ని కాబట్టి కాస్త గొప్పలు పోతాను, ఓర్చుకోండి.

నా పూర్తి పేరు ‘సముద్రతలం నుంచి పైకి పోయే నికర ఉష్ణప్రవాహం’. అసలు రూపంలో ఇంగ్లిషు చిన్నక్షరాలతో, మాటకూ మాటకూ మధ్య కింద గీతతో, గూడ్సు బండిలా పొడుగ్గా ఉంటాను. మీకోసం తెలుగులో చెప్పుకుంటున్నాను. రాబోయే దశాబ్దాల్లో ఎండలూ వానలూ ఎలా ఉంటాయో లెక్కగట్టే పెద్ద కంప్యూటర్లు ఉన్నాయి. అవి రాత్రింబవళ్లు అంకెలు కక్కుతుంటాయి. ఆ అంకెలు వానవా, గాలివా, వేడివా అన్నది వాటి తలమీద ఉన్న పేరును బట్టే తెలియాలి. దేశదేశాల శాస్త్రవేత్తలు ఆ పేర్లన్నిటినీ ఒక ఉమ్మడి పట్టికలో పెట్టుకున్నారు. అందులో ఒక వరస నాది.

మనుషులు పేర్లు పెట్టుకునే తీరు చూస్తే నాకు నవ్వొస్తుంది. బిడ్డ ఎలాంటిదో తెలియకముందే బియ్యంలో రాసి, చెవిలో ఊది పెట్టేస్తారు. శాంతమ్మ అని పిలిపించుకున్న పిల్ల నాలుగేళ్లు రాగానే ఇల్లు పీకి పందిరేస్తుంది. మా దగ్గర అలా కుదరదు. ముందు గుణం తేలాలి, కొలత తేలాలి, ఆ తర్వాతే పేరు. ముద్దుపేర్లు పెట్టకూడదు. కనిపెట్టినవాళ్ల పేర్లు తగిలించకూడదు. అన్నిటికన్నా పెద్ద నియమం, ఓట్లు లేవు. ఒక్కరు కాదన్నా సరే, వాళ్లు ఔననే దాకా మాట్లాడుకోవాల్సిందే. ఆ నియమం వల్లే నేను పుట్టకముందే పోయేదాన్ని.

విశాఖపట్నంలో, కిటికీ తీస్తే సముద్రం కనబడే ఒక పరిశోధన కేంద్రంలో నా పుట్టుక. అక్కడ పేర్ల పట్టికను చూసుకునే శాస్త్రవేత్త డాక్టర్ వరహాలమ్మ గారు. పాలకొండ వైపు మనిషి. ఎన్ని డిగ్రీలు వచ్చినా మాటలో ఆ యాస పోలేదు, పోగొట్టుకోవాలని ఆవిడా అనుకోలేదు. ఆవిడ గది క్యాంటీన్ పక్కనే కావడంతో కాగితాలన్నీ పోపు వాసన వేసేవి. “పేర్లు పెట్టడం కూడా ఒక ఉద్యోగమేనా మేడమ్, పంతులుగారు చాలరా?” అని తోటివాళ్లు వేళాకోళం చేస్తే, “సంభావన సరిగ్గా ఇస్తే పంతుల్నే పిలుద్దుం” అని తన పని తాను చేసుకుపోయేవారు.

అదే కేంద్రంలో నస్రీన్ అనే అమ్మాయి పరిశోధన చేస్తుండేది. ఆదోని నుంచి వచ్చింది. ఉద్యోగంలో చేరేదాకా సముద్రాన్ని చూడనేలేదు, చూశాక వదల్లేదు. ఆమె ప్రశ్న ఒకటే. తుపానుల కాలంలో బంగాళాఖాతం గాలిలోకి వదిలే వేడి ఏటికేడాది పెరుగుతోందా? పెరుగుతుంటే తుపానులకు బలం పెరుగుతుంది, తీరంలో ఉన్నవాళ్లకు ముందే చెప్పాలి. తమ కేంద్రంతో కలిపి నాలుగు సంస్థల వాతావరణ నమూనాల నుంచి ఫైళ్లు తెప్పించింది. నాలుగింటి తలమీదా ‘ఉష్ణప్రవాహం’ అనే ఉంది. అన్నీ కలిపి సగటు తీసింది. వచ్చిన గీత ఇస్త్రీ చేసినట్టు చదునుగా ఉంది.

“ఇందులో ఏమీ లేదమ్మా, శుక్రవారం సమీక్షలో ఈ పని మూసేద్దాం” అన్నారు సమీక్ష సంఘం అధ్యక్షులు. ఎన్నో ఏళ్ల కష్టం. నస్రీన్ క్యాంటీన్‌లో కూర్చుని చల్లారిన ఉప్మా ముందు పెట్టుకుని ఏడుస్తోంది.

“ఏటమ్మా, ఏటయింది?” అంటూ వరహాలమ్మ గారు ఎదురుగా కూర్చున్నారు.

“వేడి పెరగడం లేదు మేడమ్, తగ్గడమూ లేదు. ఏమీ లేదంట.”

“పెరగడం సంగతి తర్వాత. ముందు ఆ వేడి ఎటు పోతంది?”

“ఎటు అంటే?”

“నీళ్లలోంచి గాల్లోకా, గాల్లోంచి నీళ్లలోకా? ప్లస్ అని ఉందనుకో, అది ఎవరికి ప్లస్సు?”

నస్రీన్ ఏడుపు ఆపి ఆవిడ మొహంలోకి చూసింది. ఆ ప్రశ్న ఆమెకు ఎప్పుడూ తట్టలేదు. ఎవరికీ తట్టలేదు.

సంగతేమిటంటే, సముద్రాన్ని చదివేవాళ్లకు సముద్రంలోకి వచ్చే వేడి ప్లస్సు. గాలిని చదివేవాళ్లకు గాలిలోకి వచ్చే వేడి ప్లస్సు. ఈ ఊళ్లో బస్సు వెళ్లిపోయిందంటారు, ఆ ఊళ్లో బస్సు వచ్చిందంటారు. బస్సు ఒకటే. చలికాలంలో బంగాళాఖాతం ఉత్తరపు కొస వేడి వదులుతుందన్నదాంట్లో ఎవరికీ తగువు లేదు కాబట్టి, జనవరి అంకెలు తీసి చూశారు. రెండు సంస్థలవి ప్లస్సులు, రెండు సంస్థలవి మైనస్సులు. ఒకరి పెరుగుదలను ఇంకొకరి తరుగుదల మింగేసింది. ఇంత చదువుకున్నవాళ్లు ఇన్నేళ్లుగా ఇలా ఒకరినొకరు కొట్టేసుకుంటున్నారంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

“రెండిటికి గుర్తు మార్చేస్తాను మేడమ్, అయిపోతుంది” అంది నస్రీన్ ఉత్సాహంగా.

“నువ్వు మారుస్తావు. రేపు ఇంకొకరు తెలీక మళ్లీ మారుస్తారు. పైగా నీకు కావలసిన గీత కోసం నువ్వే గుర్తులు తిప్పేశావంటారు. అలా కాదు. ఎటు పోతందో పేరులోనే ఉండాల. ఆ సంస్థలవాళ్లే ఒప్పుకుని పెట్టాల.”

అలా నేను ముసాయిదాగా ఊపిరి పోసుకుని నాలుగు సంస్థలకూ ఈమెయిల్లో వెళ్లాను. మూడు సంస్థలు సరేనన్నాయి. కాదన్నది ఎవరో తెలుసా? మా కేంద్రం తరఫున జవాబివ్వాల్సిన, అదే భవనం పై అంతస్తులో ఉండే సముద్ర విభాగం పెద్ద, కూర్మాచలం గారు. ‘అంగీకరించను’ అని ఒక్క ముక్క రాశారు. ఆయన ఔననకపోతే నేనూ లేను, నస్రీన్ పరిశోధనా లేదు.

వరహాలమ్మ గారు మెట్లెక్కి ఆయన గదికి వెళ్లారు. ఆయన తెరమీద నేను ఉన్నాను కాబట్టి అంతా నా ఎదుటే జరిగింది.

“నా సర్వీసంతా సముద్రానికి వచ్చేదే ప్లస్సుగా రాశానమ్మా” అన్నారాయన, గొంతు పెంచి. “ఇప్పుడు ‘పైకి’ అని పేరు పెడితే నా ఫైళ్లన్నీ తప్పుల తడకలనేగా? రిటైరయ్యే ముందు నాకిదా మీరిచ్చే బహుమానం?”

ఆయన కోపం వెనక ఉన్నది భయమని నాకు అప్పుడు అర్థమైంది. జాలేసింది కూడా.

“తప్పని ఎవరన్నారు సార్? మీ ఫైళ్లలో ఒక్క అంకె కూడా ఎవరూ ముట్టుకోరు. ‘కిందికి’ అని ఇంకో పేరు పెడదుం. అది మీది. ‘పైకి’ అన్నది వాళ్లది. ఎటో చెప్పేసిన తర్వాత ఎవరూ ఎవరికీ తలొంచక్కర్లేదు.”

ఆయన కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. “అంటే ఇద్దరమూ ఒప్పేనా?”

“ఇద్దరూ ఒప్పే. ఒకరికొకరు చెప్పుకోలేదు, అంతే.”

“అయితే పట్టికలో నాది ముందుండాలి.”

వరహాలమ్మ గారు నవ్వారు. ఇంగ్లిషు అక్షరక్రమం ప్రకారం, ‘డి’తో మొదలయ్యే ‘కిందికి’ ఎలాగూ ‘యు’తో మొదలయ్యే ‘పైకి’ కన్నా ముందే వస్తుంది. ఆ సంగతి ఆవిడ చెప్పలేదు, “అలాగే సార్” అన్నారంతే.

అలా నేను ఒంటరిగా పుట్టలేదు, కవలతో పుట్టాను. మాది ఒకే వేడి. నాది ప్లస్సైతే దానిది మైనస్సు. ఒక్కనాడూ పోట్లాడుకోలేదు. మనుషుల్లో అన్నదమ్ములకు ఇది చేతనైతే ఎన్ని కోర్టులు ఖాళీ అయ్యేవో!

శుక్రవారం వచ్చింది. నాలుగు సంస్థలూ తమ ఫైళ్లకు తామే కొత్త పేర్లు పెట్టి పంపాయి. కంప్యూటరు పేర్లు చదువుకుని, కిందికి అన్నవాటిని తనంతట తాను పైకి తిప్పుకుని, కలిపింది. గోడమీద గీత గీసుకుంటూ వచ్చింది. మొన్నటి దాకా చదునుగా పడుకున్న గీత లేచింది, ఏటికేడాది మెట్టు మెట్టుగా ఎక్కింది. అధ్యక్షులు గొంతు సవరించుకుని, “దీన్ని మూసేద్దామన్నది ఎవరు?” అన్నారు.

“తమరేనండీ” అన్నారు కూర్మాచలం గారు.

హాలు గొల్లుమంది. నస్రీన్ మళ్లీ ఏడ్చింది కానీ, ఈసారి ఉప్మా వేడిగా ఉండగానే తినేసింది. ఆ రోజు నేను గర్వపడ్డాను. దాచుకోవడమెందుకు, ఇప్పటికీ పడుతున్నాను.

ఆ తర్వాత నేను తిరగని దేశం లేదు. మంచుదేశాల ప్రోగ్రామర్లు నా పొడవు చూసి తిట్టుకుంటూ టైపు చేస్తారు. కొందరు సొంత వాడకానికి నన్ను రెండక్షరాలకు కురచ చేసుకుంటారు. ఫైలు పక్కవాడికి ఇవ్వాల్సి వచ్చేసరికి మళ్లీ బుద్ధిగా నా నిండు పేరు రాస్తారు. ఇంకొక భోగం కూడా ఉంది నాకు. మా పట్టికలో ఒకసారి చేరిన పేరును చెరపరు. వాడుక తప్పినా పాతపేరని పక్కన రాసి ఉంచుతారు, పాత ఫైళ్లు దిక్కులేనివి కాకూడదని.

మనుషులకు ఆ భోగం లేదు. వరహాలమ్మ గారు రిటైరైన సాయంత్రమే తలుపు మీద ఆవిడ పేరు బోర్డు ఊడదీశారు. గది క్యాంటీన్ సామాన్లకు ఇచ్చేశారు. ఎవరి పేరూ తగిలించకూడదన్న నియమం ఉంది కదా, నాలో ఎక్కడా ఆవిడ పేరు లేదు. అది మాత్రం నాకు కష్టంగా ఉండేది, మొన్నటి దాకా.

మొన్న ఆ కేంద్రంలో సాహితి అనే కొత్త అమ్మాయి చేరింది. ఆమెకు కూర్మాచలం గారు ఎవరో తెలియదు, ఆయన పోయి చాలా కాలమైంది. ఆయన పాత ఫైళ్లు తీసి, ఇప్పటి ఫైళ్లతో కలుపుతోంది. ఇప్పుడు విభాగానికి పెద్ద అయిన నస్రీన్ వెనక నిలబడి, “ఆ వేడి ఎటు పోతోందో కనుక్కున్నావా?” అని అడిగింది.

ఆ అమ్మాయి తల తిప్పకుండానే, “కనుక్కోవడమేంటి మేడమ్? పేరులోనే ఉందిగా” అంది.

నస్రీన్ పకపకా నవ్వింది. వెంటనే పాలకొండకు ఫోన్ చేసి, స్పీకర్లో పెట్టి, “ఇప్పుడన్నది మళ్లీ అను” అంది. సాహితి తికమకపడుతూనే అంది.

అవతలి నుంచి వరహాలమ్మ గారి గొంతు వినిపించింది.

“ఇంకోసారి అనమ్మా.”