మూడో గేరులో చప్పుడు

ప్రతి ఆదివారం పొద్దున్నే కారు తీసి ఓ చుట్టు తిప్పుకురావడం ఆ ఇంట్లో, ఇంటావిడ మామగారి రోజుల నుంచీ ఉన్న అలవాటు. నలభై ఆరేళ్ల బండి. తాళం తిప్పగానే అచ్చం మామగారిలా రెండుసార్లు దగ్గి, గొంతు సవరించుకుని, అప్పుడు అందుకునేది. రెండో గేరులో అత్తగారి గాజులు గలగలమనేవి. ఇంట్లో పోయినవాళ్ల చప్పుళ్లు ఆ బండిలో చేరతాయని అందరికీ తెలుసు. మెకానిక్కుకీ తెలుసు. సర్వీసు చేసినప్పుడల్లా, పెద్దాయన దగ్గు జోలికి పోలేదు, మిగతావన్నీ బిగించానని చెప్పి మరీ తాళాలిచ్చేవాడు.

ఆ ఆదివారం మలుపు దగ్గర, ఆగి ఉన్న రొట్టెల వ్యానుకి కారు మెల్లగా తగిలింది. ఎవరికీ ఏమీ కాలేదు. బంపరు లోపలికి వంగింది, ఓ దీపం పగిలింది. బ్రేకు మీద కాలు జారిందన్నారు, బండి నడుపుతున్న టైపు మాస్టారు. ముప్ఫై ఏళ్లు ఇంటి ముందుగదిలో టైపు నేర్పిన మనిషి. మిషన్లు అమ్మేసి ఎన్నాళ్లయినా వీధికి ఆయన టైపు మాస్టారే. కాలు జారిందంటే పక్కన కూర్చున్న భార్య నిజమేననుకుంది. తిరిగి వస్తుంటే మూడో గేరులో ఏదో కొత్త చప్పుడు మొదలైంది.

కొత్త చప్పుడు చేరిందంటే మనవాళ్లలో ఎవరో పోయారన్నమాట.

ఇల్లు చేరగానే చెప్పులైనా విప్పకుండా ఫోను దగ్గర కూర్చుంది. కూతురు పలికింది. మరిది పలికాడు. ఆడపడుచు, "నిక్షేపంలా ఉన్నాను వదినా, నీ గొంతే బాగోలేదు" అంది. తొంభై దాటిన బాబాయి, నేనింకా ఉన్నానా లేదా అని కనుక్కుంటున్నావా అమ్మా అని నవ్వాడు. అందరూ ఉన్నారు. అయినా ఆ తర్వాత నాలుగు రోజులూ ఫోను మోగితే దేవుణ్ణి తలుచుకోకుండా ఎత్తలేదు.

సోమవారం మెకానిక్కు వచ్చి కారు తీసుకెళ్లాడు. గుద్దుకున్నప్పుడు రేడియేటరు వెనక్కి జరిగి ఫ్యాను రెక్కకి రాసుకుంటోందని చెప్పి సరిచేశాడు. చప్పుడు పోలేదు. ఇంజిను కింద దిమ్మ రబ్బరు చిరిగితే మార్చాడు. పోలేదు. బెల్టు తీసేసి ఒక్క నిమిషం నడిపి చూశాడు. అప్పుడూ వినపడింది కాబట్టి నీళ్ల పంపుదీ కాదు, డైనమోదీ కాదు. గురువారం ఫోను చేశాడు. తన చదువు అయిపోయిందనీ, ఇంటి చప్పుడేమో వచ్చి వినమనీ అన్నాడు.

షెడ్డులో కారు వెనక చక్రాలు గాల్లో ఉన్నాయి. మాస్టారు స్టూలు మీద కూర్చుంటూనే అందుకున్నారు. "వీడు నా దగ్గర నేర్చుకుని టైపు లోయరు పరీక్ష రెండుసార్లు తప్పాడే. వీడి చేతిలో బండి పాసవుతుందా?"

"బండికి స్పెల్లింగు అక్కర్లేదు మాస్టారూ" అని మెకానిక్కు మూడో గేరు వేసి, పొడుగాటి స్క్రూడ్రైవరు కొన ఇంజినుకి ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకున్నాడు. అతని నవ్వు ఆగిపోయింది.

"నాలుగు సిలిండర్ల బండి అమ్మగారూ. నాలుగే కొట్టాలి. ఇది ఆరు కొట్టి ఆగుతోంది, మళ్లీ ఆరు. ఇనప చప్పుడు కూడా కాదు. వేలి చివర్న కొట్టినట్టు మెత్తగా ఉంది."

ఆవిడ పిడి చెవికి ఆనించుకుంది. ఆరు. చిన్న ఖాళీ. ఆరు. మొదటిది చిటికెనవేలిది, పీలగా ఉంటుంది. నాలుగోది చూపుడువేలిది, గట్టిగా పడుతుంది. గోడకి ఇవతల వంట చేసుకుంటూ ముప్ఫై ఏళ్లు విన్నది కాదూ. కొత్తగా టైపుకి చేరినవాళ్లకి ఎడమచేతి మొదటి పాఠం, ఆరు అక్షరాలు. మిషన్లు పోయాక కూడా మాస్టారి వేళ్లు దాన్ని వదల్లేదు. కంచం పక్కన, పేపరు మీద, కుర్చీ చెయ్యి మీద, ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడ ఆరు కొట్టేవి.

ఆదివారం నుంచి ఇంట్లో అది వినపడలేదు. లోకంలో ఉన్న చుట్టాలందరినీ ఉన్నారా అని అడిగింది. ఎదురుగా కూర్చుని అన్నం తింటున్న మనిషిని అడగలేదు.

వెనక్కి తిరిగింది. ఆయన ఎడమచెయ్యి ఎవరో తెచ్చి పెట్టి మరిచిపోయిన వస్తువులా ఒళ్లో పడి ఉంది.

"ఏవండీ, ఆ చెయ్యి ఎత్తండి."

"ఎందుకిప్పుడు?"

"ఎత్తండి."

చెయ్యి ఛాతీ దాకా వచ్చి జారిపోయింది. మాస్టారు నేల చూపులు చూశారు. "ఆ రోజు జారింది కాలు కాదు. స్టీరింగు తిప్పుదామంటే ఈ చెయ్యి నా మాట వినలేదు. కాసేపటికి సర్దుకుంది, మళ్లీ పోయింది. చెబితే నువ్వు హడలిపోతావని..."

మెకానిక్కు వెంటనే జాకీ దించాడు. ఆస్పత్రి దాకా తనే నడిపాడు. దారి పొడుగునా ఆరు దెబ్బలు అంతకంతకూ గట్టిపడ్డాయి. ఆవిడ ఆ చల్లటి చేతిని రెండు చేతులా పట్టుకుని, ముందుకి వంగి, మెల్లగా బండితో చెప్పింది.

"అత్తయ్యా, మామయ్యా, మీకు తోడు కావాలని తెలుసు. కానీ ఈయన్ని ఇప్పుడే పిలవకండి."

మెడలో, మెదడుకి రక్తం తీసుకెళ్లే నరం పూడుకుపోయిందన్నాడు డాక్టరు. మలుపు దగ్గర వచ్చింది హెచ్చరికేననీ, ఇంకో రోజు ఆగితే తన చేతుల్లో కూడా ఉండేది కాదనీ చెప్పి, ఆ సాయంత్రమే ఆపరేషను చేశాడు.

పన్నెండో రోజున ఇంటికి తీసుకెళ్లడానికి మెకానిక్కు కారు తెచ్చాడు. తాళం తిప్పితే మామగారు దగ్గారు. రెండో గేరులో అత్తగారి గాజులు మోగాయి. ఆవిడ కళ్లు మూసుకుంది.

మూడో గేరు పడింది. ఇంజిను తన నాలుగు దెబ్బలూ తాను కొట్టుకుంటూ పోతోంది. ఇంకే చప్పుడూ లేదు.

కాసేపటికి ఆవిడ మోకాలి మీద ఏదో తగిలింది. మాస్టారి చిటికెనవేలు, పీలగా. చాలాసేపటికి రెండోది. మూడోది. నాలుగోది పడలేక పడింది. అయిదోది పడ్డాక చెయ్యి ఆగిపోయింది. రొట్టెల వ్యాను ఎప్పటిలాగే మలుపు దగ్గర ఆగి ఉంది. కారు దాన్ని తప్పించుకుని మెల్లగా తిరిగింది.

అప్పుడు పడింది ఆరోది.