పెరట్లో గాజిల్లు

నర్సరీలో అంట్లు కట్టే పని ఆమెది. పదిహేనేళ్లు పరాయి మొక్కలు పెంచి, చివరికి తన పెరట్లో తనకంటూ ఒక గ్రీన్‌హౌస్ కట్టుకోవాలనుకుంది. నాలుగు నెలలు పెరట్లో కుర్చీ వేసుకుని ఎండ నడకను గమనించింది. పక్క మేడ నీడ పదింటికి గానీ తప్పుకోదు. అందుకే గోడకు పన్నెండడుగులు ఇవతలికి జరిపి, పొడవు తూర్పు పడమరలుగా పెట్టి, వేడిగాలి పోవడానికి కప్పు నడినెత్తిన కిటికీలు కాగితం మీద గీసింది.

ఇనుప పని చేసే ముసలాయన్ని అందరూ కొలతయ్య అంటారు. టీ గ్లాసును కూడా టేపు పెట్టి కొలిచే తాగుతాడని ఎగతాళి. ఆయన కాగితం అటూ ఇటూ తిప్పి, "వంక పెడదామంటే దొరకట్లేదమ్మాయ్" అన్నాడు.

అన్నకు మాత్రం ఆ గీతలు కంట్లో నలుసయ్యాయి. తండ్రి పోతూ పోతూ ఇల్లు కొడుక్కి, పెరడు కూతురికి రాశాడు. అక్కడ లారీల షెడ్డు వేయాలని అన్న పట్టుదల. "అక్కడ గాజు నిలబెట్టావంటే ఒక్క ముక్క మిగలనివ్వను" అని ముందే చెప్పాడు. ఉత్త నోటిదురుసు అనుకుందామె.

కప్పుకు అద్దాలు బిగిస్తున్న రోజు మధ్యాహ్నం అతను సమ్మెట పట్టుకుని వచ్చాడు. మొదటి దెబ్బకే తూర్పువైపు మూడు అద్దాలు భళ్లున రాలాయి. కొలతయ్య నిచ్చెన దిగి అడ్డం వెళ్లాడు. అన్న సమ్మెట విసురుగా తిప్పాడు. మోకాలు చితికి ముసలాయన గాజుపెంకుల మీద కూలబడ్డాడు.

ఆమెకు ఒళ్లు తెలియలేదు. చేతికందిన ఇనుప గొట్టంతో అన్న ముంజేతి మీద కొట్టింది. ఎముక పటుక్కుమంది. సమ్మెట జారిపడింది. అతను రెండో చేత్తో ఆమె జుట్టు పట్టి, తలను ఇనుప స్తంభానికేసి బాదాడు. మళ్లీ బాదాడు. ఆ అదురుకు పైన సగమే బిగించిన అద్దం జారి, అతని మెడ పక్కన భుజంలో దిగబడింది.

నెత్తురు చిమ్మింది. ఆమె అతన్ని పడుకోబెట్టి, తువ్వాలు కుక్కి, రెండు చేతులతో అదిమిపట్టింది. నుదుటి నుంచి కారే నెత్తురు ఆమె కళ్లలో పడుతోంది.

"కదలకు. కదిలావంటే పోతావు."

"నన్ను చంపాలనేగా కొట్టావు," అన్నాడతను గొణుగుతూ.

"అవును. ఇప్పుడు నోరు మూసుకో."

అంబులెన్సు వచ్చేదాకా చేతులు తీయలేదు.

అతను బతికాడు. కేసయింది. వదిన వచ్చి, "పెద్దాయన నిచ్చెన మీంచి పడ్డాడని చెప్పకూడదా? ఎంతైనా నీ తోడబుట్టినవాడు" అని బతిమాలింది.

"ఆయన ఇక నిచ్చెన ఎక్కలేడు వదినా. నేను కొట్టిందీ దాచలేదు, అన్న కొట్టిందీ దాచలేదు."

వదిన మళ్లీ గడప తొక్కలేదు. అన్నకు రెండేళ్లు శిక్ష పడింది.

వానలు తగ్గాక ఆమె కొలతయ్య ఇంటికి కొత్త కాగితం తీసుకెళ్లింది. గాజు బదులు ప్లాస్టిక్ రేకులు. ఆయన మంచం మీద కాలు చాపుకునే గీతల మీద వేలు నడిపి, ఒకచోట ఆగాడు.

"పడమర గోడకు రెండో తలుపెందుకు? లోపలి తేమ నిలవదు."

"లోపలుండగా ఎవరైనా వస్తే, నేను బయటపడడానికి."

కొలతయ్య టేపు అందుకుని, తలుపు ఎంత వెడల్పు కావాలో అడిగాడు.