ల్యాప్‌టాప్ అడ్వాన్సు

2024 జనవరి తొమ్మిది, మంగళవారం. మధ్యాహ్నం మూడు దాటాక రాగిముద్ద, అనపగింజల పితికిపప్పు పులుసు తిన్నాను. రెండూ మా ఇంటి ఓనరు పాపక్క పంపినవే. నా భార్య కాత్యాయని పోయి మూడేళ్ళు. అనపకాయల కాలంలో పాపక్క నన్ను మరిచిపోయిన రోజు ఇంతవరకూ లేదు.

చెయ్యి కడుక్కుంటుండగా పై అంతస్తు లావణ్య దిగి వచ్చింది. చంకన ఏడు నెలల బిడ్డ, చేతిలో ఫోను.

"అంకుల్, జాబ్ వచ్చేసింది. వర్క్ ఫ్రమ్ హోమ్. డేటా ఎంట్రీ. మంత్‌కి ఇరవై ఎనిమిది వేలు."

సంతోషించాను. కాన్పు తర్వాత ఆమె పాత ఉద్యోగం పోయింది. భర్త కౌశల్ ఒక్కడి జీతంతో అద్దె అందడం లేదు. ఈ నెలా పని దొరక్కపోతే కౌశల్ ఏదో పీజీ హాస్టల్లో చేరాలని, ఆమె బిడ్డతో కదిరిలో తల్లి దగ్గరికి వెళ్ళాలని తేల్చుకున్నారు. సంచి కూడా సర్దారు.

"ఇంటర్వ్యూ ఎవరు చేశారమ్మా?"

"చాట్‌లోనే అంకుల్, పదకొండు నిమిషాలు. టైపింగ్ వచ్చా అన్నారు, వచ్చన్నాను. సెలెక్టెడ్ అన్నారు. నాలుగింటిలోపు ల్యాప్‌టాప్ అడ్వాన్స్ పదిహేను వేలు కట్టాలి. ఫస్ట్ శాలరీతో రిటర్న్ ఇచ్చేస్తారు."

ఆమె దగ్గర మిగిలింది ఆ పదిహేను వేలే. గడియారం మూడూ ఇరవై చూపిస్తోంది.

"పనిచ్చేవాడు మనకు డబ్బివ్వాలి గానీ, మన దగ్గర తీసుకోవడమేమిటమ్మా?"

"ఈ ఊళ్ళో అడ్వాన్స్ లేకుండా ఏదొచ్చింది అంకుల్? ఇంటికి ఇచ్చాం. నీళ్ళ క్యాన్‌కి ఇచ్చాం. బిడ్డ ఉయ్యాల రెంట్‌కి తెస్తే దానికీ ఇచ్చాం."

ముప్ఫై ఏళ్ళు కాలేజీలో తర్కశాస్త్రం చెప్పినవాడిని; ఆమె వాదం నాకు సబబుగానే తోచింది. నేనూ పది నెలల అద్దె ముందే ఇచ్చి ఆ ఇంట్లో చేరినవాడినే. అడ్వాన్సుల సంగతి తెలిసిన మనిషినే అడుగుదామని ఆమెను కింద పాపక్క దగ్గరికి తీసుకువెళ్ళాను.

పాపక్క అనపకాయలు ఒలుస్తూ అంతా విన్నది.

"అడ్వాన్సు అడిగేది తప్పు కాదు మేష్ట్రూ. ఇచ్చేకి ముందు మనిషిని చూడల్ల. ఫోను కలుపు అమ్మణ్ణీ."

లావణ్య స్పీకరు పెట్టింది. అవతల ప్రవీణ్ అనే హెచ్చార్ మేనేజరు.

"ఏ ఊరప్పా నీది?" అంది పాపక్క.

"మేడం, ఇది కంపెనీ లైన్."

"కంపెనీకి ఊరుండదా? ఇంట్లో ఎంతమంది ఉండారు?"

"నేనొక్కడినే మేడం."

"మాంసం తింటావా?"

"సండేస్ మాత్రమే."

"సరే, ల్యాప్‌టాప్ చూపించు. కొళాయి తిప్పి, లైటేసి చూపించకుండా నేనెప్పుడూ ఎవురి అడ్వాన్సూ ముట్టలే."

"అది కొరియర్‌లో ఉంది మేడం."

"పోనీ, పనికి పెట్టుకొన్న ఈ పిల్ల పేరన్నా చెప్పు."

కాసేపు కాగితాల చప్పుడు. "శ్రుతి గారు."

లావణ్య బిడ్డను రెండో చంకకు మార్చుకుంది. "వాళ్ళకి చాలామంది క్యాండిడేట్స్ ఉంటారు కదా," అని గొణిగింది. ఆమె చూపు గడియారం మీదే ఉంది.

ప్రవీణ్ ఫోను పెట్టేస్తాడనుకున్నాను. పెట్టలేదు. అతని మంచిచెడ్డలు ఎవరైనా అడిగి చాలా రోజులైనట్టుంది. గొంతు తగ్గించి, "మీరు హౌస్ ఓనరా మేడం?" అన్నాడు.

"ఊఁ, ఏం?"

"మా ఓనర్ ఖాళీ చెయ్యమంటున్నాడు. అడ్వాన్స్ మాత్రం రిటర్న్ ఇవ్వడంట. అది చీటింగ్ కదా మేడం?"

"మోసమే," అంది పాపక్క. "మా మిద్దె మీద ఒక రూము ఉండాది."

"అడ్వాన్స్ ఎంత మేడం? ఇప్పుడే పంపమన్నా పంపుతా."

"తొందరపడొద్దప్పా. అట్ల చూడకుండా ఎవురికీ దుడ్డు పంపొద్దు. నీ ఆఫీసు ఎక్కడ?"

"వర్క్ ఫ్రమ్ హోమే మేడం."

"ఏ హోము? ఖాళీ చెయ్యమన్నారంటివే."

పాపక్క ఒలిచిన గింజలు గిన్నెలో వేసింది.

"జీతం చీటీ? కంపెనీ కాగితం? నిన్ను ఎరిగినోళ్ళు ఎవురన్నా?"

"ఏవీ లేవు మేడం. ఎవరూ లేరు."

"అయితే రూము ఇయ్యలేనప్పా. ఏమనుకోవద్దు."

"పర్లేదు మేడం," అని ఎంతో మర్యాదగా ఫోను పెట్టేశాడు.

పాపక్క ఇంకో కాయ ఒలిచింది. "నేను మిద్దె మీది రూమే ఇయ్యని మనిషికి నువ్వు పదైదు వేలు ఇస్తావా అమ్మణ్ణీ?"

నాలుగుకు ఐదు నిమిషాలుండగా మెసేజ్ వచ్చింది: 'శ్రుతి గారూ, లాస్ట్ ఛాన్స్.' లావణ్య దాన్ని రెండుసార్లు చదివి ఆ నంబరు బ్లాక్ చేసింది. నేను సైబర్ మోసాల నంబరు 1930కి ఫోను చేసి ఫిర్యాదు ఇచ్చాను.

"ఇంక కదిరికే అంకుల్," అంది లావణ్య. ఏడ్చి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

"ఎందుకు పోతావు?" అంది పాపక్క. "మీ అడ్వాన్సు నా దగ్గరే ఉండాది కదా. నాలుగు నెలల బాడుగ దాంట్లో పట్టుకొంటా. ఆ లోపల పని వెతుక్కో. ఈసారి పనిస్తామని ఎవురన్నా వస్తే ముందు నాతో మాట్లాడమను."

"మీతో మాట్లాడితే ఎవరూ జాబ్ ఇవ్వరు ఆంటీ."

"ఇచ్చేవాడు ఇస్తాడులే. వాడైతే నీ గురించి నన్నే నాలుగు మాటలడుగుతాడు."

రాత్రి తొమ్మిదింటికి, ఫిర్యాదు నంబరు రాసిన చీటీ ఇవ్వడానికి పైకి వెళ్ళాను. హొసకోటెలో ఫ్యాక్టరీ షిఫ్టు నుంచి అప్పుడే వచ్చిన కౌశల్ తలుపు దగ్గర షూ విప్పుతున్నాడు. లోపల లావణ్య సంచిలోంచి బిడ్డ గౌన్లు ఒక్కొక్కటే తీసి అలమారాలో పెడుతోంది. కౌశల్ పెదవుల మీద వేలుంచి, బిడ్డ పడుకుందని సైగ చేశాడు. చీటీ అందుకుని తల ఊపాడు. గడియ చప్పుడు కాకుండా చేత్తో పట్టుకుని, మెల్లగా తలుపు మూశాడు.