ఇప్పటి ఫోటో

పదకొండో నంబరు గది తుడిచి, తలుపు దగ్గరగా వేసి, మునెమ్మ మళ్ళీ ప్లాస్టిక్ కవరు విప్పి చూసుకుంది. ఆధార్ జిరాక్సు, బ్యాంకు పాస్‌బుక్కు, కొత్తగా పనిస్తామన్న క్యాంటీన్ వాళ్ళ ఉత్తరం. అన్నీ ఉన్నాయి. అయినా గుండె కుదుటపడలేదు.

తిరుత్తణి కొండ కింద ఉన్న ఈ లాడ్జిని వచ్చే వారం పడగొడతారు. తిరువళ్ళూరు పక్కన మణవాళనగర్‌లో ఒంటిగది ఫ్లాటు అద్దెకు దొరికేలా ఉంది. ఇవాళ కాగితాలు కుదరకపోతే ఆమెకు తల దాచుకునే చోటు లేదు. కుదిరినా ఈ చోటు వదలక తప్పదు.

పసితనంలో, కొండ మీద మొక్కు తీర్చుకొని గుండుతో దిగివచ్చిన తల్లి ఆమెను ఈ వరండాలోనే చెక్క పీట మీద కూర్చోబెట్టింది. "ఈడే ఉండు, వస్తా" అని రేణిగుంట రైలెక్కింది. మళ్ళీ రాలేదు. అంట్లు తోముతూ, దుప్పట్లు ఉతుకుతూ, గదులు ఊడుస్తూ మునెమ్మ అరవై దాటింది. పెళ్ళి సంబంధమొస్తే పొరుగూరని వద్దంది. తల్లి ముఖం ఎప్పుడో మనసులోంచి చెరిగిపోయింది. ఫోటో లేదు. ఆ మాట ఒక్కటే మిగిలింది.

తోడు వచ్చిన రమ్యశ్రీ, లాడ్జి వంటమనిషి కూతురు, తిరువళ్ళూరు వెళ్ళే రైల్లో ఆమె నున్నటి తల చూసి నవ్వింది. తెల్లారకముందే కొండ మీద గుండు చేయించుకొని రాసుకున్న చందనం ఇంకా పూర్తిగా ఆరలేదు.

"ఏం పెద్దమ్మా, పేపర్లు ఇచ్చినాక గుండు చేసుకోకూడదా? స్వామి యాడికన్నా పోతాడా?"

"స్వామి పోడు. పోతా ఉండేది నేను కదా. చెప్పకుండా ఎట్ల పొయ్యేది?"

ఫ్లాటు యజమానురాలు విద్యాలక్ష్మి ఆధార్‌లోని కొప్పునూ ఎదుట ఉన్న గుండునూ మార్చి మార్చి చూసింది.

"ఈ కొప్పుండే ఆమె యాడమ్మా?"

"కొండ మీద ఇచ్చేసి వచ్చినానమ్మా."

విద్యాలక్ష్మికి నవ్వు ఆగలేదు. "నేను నమ్ముతా. అసోసియేషన్ సెక్రటరీ నమ్మొద్దా? ఇప్పటి ఫోటో తీసుకొని రాండి, ఈ రోజే తాళంచెవి ఇస్తా."

వీధి మలుపులోనే స్టూడియో. మునెమ్మ స్టూలు మీద కూర్చుంది. కళ్ళ ముందు వెలుగు తళుక్కున మెరిసింది. ఫోటోగ్రాఫరు కంప్యూటరులో ఏదో సవరించి తెర ఆమె వైపు తిప్పాడు.

"ముడతలు కొంచెం తీసేసినా. బాగుందా అవ్వా?"

మునెమ్మ తెర మీదికి వంగింది. వెడల్పాటి నుదురు. చెవి పక్కకు జారిన చందనపు చార. కాస్త పైకి లేచిన ఎడమ కనుబొమ. వరండాలో తన మీదికి వంగి, బుగ్గ నిమిరి, వస్తానన్న ముఖం. జుట్టు కిందా ముడతల కిందా ఇన్నేళ్ళు తనలోనే ఒదిగి ఉన్న ముఖం. పోలిక కాదు, అమ్మే.

ఆమె లేచి రెండు చేతులూ జోడించింది.

"ఏంది పెద్దమ్మా, నీకు నువ్వే దండం పెట్టుకుంటా ఉండావు?"

మునెమ్మ తెర మీది కనుబొమను వేలితో తాకింది.

సెక్రటరీ ఫోటో అంటించుకొని సంతకం చేశాడు. సాయంత్రానికి మునెమ్మ తిరుత్తణికి తిరిగివచ్చి రెండు సంచులు సర్దుకుంది. ఆమె సంగతంతా ఎరిగిన మేనేజరు పొన్నుస్వామి గొంతు తగ్గించి అడిగాడు.

"నీకోసరం ఎవరన్నా వస్తే ఏం చెప్పేది మునెమ్మా?"

"ఎవరూ రారయ్యా," అంది ఆమె. "వచ్చేసింది."

రమ్యశ్రీ ఒక సంచి అందుకుంది. ఇద్దరూ మెట్లు దిగి స్టేషను వైపు నడిచారు. వరండాలో, నడుమ అరిగి గుంటపడిన చిన్న చెక్క పీట, ఎప్పటిలాగే వీధివైపు తిరిగి ఉంది.